వాటర్ పంపు మార్చేటప్పుడు దింపిన కూలెంట్‌ను మళ్లీ పోసుకోవచ్చా?

అనంత_రోడ్లు | అనంతపురం | మే 11, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నాది 2016 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 81 వేల కిలోమీటర్లు తిరిగింది. వారం నుంచి పొద్దున్నే బండి బయటికి తీస్తే కింద బండల మీద అరచెయ్యంత తడి కనిపిస్తోంది. ఏసీ నీళ్లేమో అనుకున్నా. వేలితో తాకి చూస్తే జిగటగా ఉంది, లేత గులాబీ రంగు. రిజర్వ్ డబ్బాలో మట్టం కూడా కింది గీత దగ్గరికి వచ్చేసింది.

మా వీధి చివర షెడ్డులో చూపించాను. బెల్టు వైపు వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంది, దాని చుట్టూ గులాబీ రంగు పొడి గట్టిగా పేరుకుని ఉంది. "సీలు పోయిందన్నా, పంపు మార్చాలి" అన్నాడు మెకానిక్. అంతవరకు నాకు అనుమానం లేదు.

నా టెన్షన్ కూలెంట్ గురించి, అదే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. నిరుడు అక్టోబర్‌లోనే మొత్తం మార్పించాను, లీటరు మూడు వందలు పెట్టి. ఇప్పుడు పంపు తియ్యాలంటే అదంతా దింపాలి. మెకానిక్ ఏమో "కొత్తదే కదన్నా, దింపి పక్కన పెట్టి, పంపు వేశాక అదే పోసేద్దాం" అంటున్నాడు. మా మామయ్య ఏమో "అనంతపురంలో మంచు పడుతుందా? బోరు నీళ్లు పోసుకో, చాలు" అంటున్నారు. రేపు పొద్దున పని మొదలవుతుంది. చేసి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి, పాతది పోస్తే బండికి ఏమైనా అవుతుందా?

ఘాట్‌రోడ్ | కడప | మే 11, ఉదయం 8:25

అన్నా, మీ మామయ్య మాట మాత్రం వినొద్దు. నేను ట్యాక్సీ తిప్పుతాను. నాలుగేళ్ల కింద ఒక పైపు పగిలి కూలెంట్ అంతా కారిపోతే, దారిలో హోటల్ ట్యాంకు నీళ్లు పోసి నడిపాను. పైపు మార్చాను కానీ నీళ్లు అలాగే వదిలేశాను. మూడు నెలలు బాగానే నడిచింది. మే నెలలో రాయచోటికి బాడుగ వచ్చింది. ఐదుగురు మనుషులు, అందులో చంటిబిడ్డ తల్లి. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే సగంలో ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. ఆపి బానెట్ ఎత్తేసరికి మూత పక్కనుంచి బుస్సుమని ఆవిరి. ఆ ఎండలో ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆ తల్లి రోడ్డు పక్కన గంటన్నర కూర్చుంది. అది నేను మర్చిపోలేను.

తర్వాత రేడియేటర్ విప్పిస్తే సన్న గొట్టాల నోళ్ల దగ్గర తెల్లగా సున్నం పట్టి ఉంది. మన ఇళ్లల్లో గీజర్ కాయిల్‌కు పడుతుంది చూడండి, సరిగ్గా అదే. మూడు నెలలకే అంత.

కొత్తబండి | ఆదోని | మే 11, ఉదయం 9:10

దింపినది దింపినట్టే పారేసి కొత్తది పోయించండి. పన్నెండు వందల ఖర్చుకు భయపడి ఇంజన్‌తో పందెం కాయడం ఎందుకు? హెడ్ గాస్కెట్ (ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే ఇంజన్ సీలు) పోతే వేలల్లో పని. నేనైతే ఒకసారి బయటికి వచ్చిన ఏ ద్రవాన్నీ మళ్లీ లోపలికి పోయనివ్వను.

కర్నూలు_పానా | కర్నూలు | మే 11, మధ్యాహ్నం 1:50

ముప్పై ఏళ్లుగా పానా పట్టిన చెయ్యి నాది. తమ్ముడూ, నీ ప్రశ్న మంచిది. దానికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్లను నమ్మకు.

ఏడు నెలల కూలెంట్ చెడిపోదు. అందులో నీళ్లతో కలిసి ఉండే గ్లైకాల్ అనే ద్రవం అంత త్వరగా పోయేది కాదు. అరిగిపోయేవి తుప్పు పట్టకుండా కలిపే మందులు. పాత తరం పచ్చ కూలెంట్లలో అవి రెండేళ్ల దాకా పనిచేస్తాయి, ఇప్పటి లాంగ్ లైఫ్ రకాల్లో ఇంకా ఎక్కువ. కాబట్టి వయసు లెక్కన నీ మెకానిక్ చెప్పింది తప్పు కాదు. మేము కూడా పంపు, థర్మోస్టాట్, హోస్ పైపు లాంటి పనులప్పుడు ఏడాది లోపుదైతే దింపి అదే పోస్తాం. కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో కూడా శుభ్రంగా ఉంటే వాడుకోవచ్చనే ఉంటుంది.

కానీ అసలు విషయం అది ఎందులోకి దిగుతుంది అన్నది. షెడ్డులో కింద పెట్టే టబ్బు ఏదో నువ్వు వెళ్లి కళ్లారా చూడు. పొద్దున అందులోనే ఇంకో బండి ఇంజన్ ఆయిల్ దింపి ఉంటారు. గుడ్డతో తుడిచాం అంటారు. తుడిస్తే ఆయిల్ పోదు. ఆ ఆయిల్ కూలెంట్‌తో పాటు లోపలికి పోతే రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి, రేడియేటర్ గొట్టాల లోపల పొరలా అంటుకుని వేడి బయటికి పోనివ్వదు. ఇంకో నష్టం కూడా ఉంది. రేపు నిజంగా హెడ్ గాస్కెట్ పోయి ఆయిల్ కలిసినా, పాత టబ్బుదేలే అనుకుని వదిలేస్తావు.

అందుకే ఇంటి నుంచి కొత్త ప్లాస్టిక్ టబ్బు, మూత ఉన్న క్యాను తీసుకెళ్లు. బండి కనీసం రెండు మూడు గంటలు చల్లారాలి. వేడి మీద మూత తిప్పితే మొహం కాలిపోతుంది, నా దగ్గర నేర్చుకున్న కుర్రాడికి మెడ నుంచి భుజం దాకా మచ్చ ఉంది. ముందు రిజర్వ్ డబ్బాలోది విడిగా తీసి వెలుతురులో చూడు. తర్వాత కింద డ్రెయిన్ నట్టు వదులు చేసి, అప్పుడు పై మూత తియ్యి, ధార సాఫీగా వస్తుంది. దిగింది క్యానులోకి పోసి మూత పెట్టి రెండు గంటలు కదపకుండా ఉంచు. అడుగున మట్టి, తుప్పు పొడి దిగుతాయి. పైది మాత్రం పోగు రాలని బట్టలో వడకట్టి వాడుకో.

వయసు తెలియకపోయినా, తుప్పు రంగు ఉన్నా, పైన నూనె తేలినా, మీగడలా ముద్ద కట్టినా, ఎప్పుడైనా లీకు ఆపే పొడి వేసి ఉన్నా మాత్రం మళ్లీ పోయొద్దు. అప్పుడు ఆదోని తమ్ముడు చెప్పిందే సరి. హెడ్ గాస్కెట్ పనికి దింపినది కూడా పనికిరాదు.

కొత్తబండి | ఆదోని | మే 11, మధ్యాహ్నం 2:15

పెద్దాయన చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఎన్ని షెడ్డుల్లో క్యాను పెట్టి రెండు గంటలు తేరనిస్తారు? సాయంత్రానికి మూడు బండ్లు పంపాలన్న తొందరలో ఉంటారు. పక్కన నిలబడి చూసుకునే తీరిక లేనివాళ్లకు కొత్తది పోయించుకోవడమే మేలు అని నా మాట.

కర్నూలు_పానా | కర్నూలు | మే 11, మధ్యాహ్నం 2:32

అది నిజం. దగ్గర ఉండలేకపోతే కొత్తదే పోయించుకోండి.

కెమిస్ట్రీ_క్లాస్ | కడప | మే 11, సాయంత్రం 6:05

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. "మన ఊళ్లో మంచు పడుతుందా" అన్న మాట మా ఇంట్లో కూడా విన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఇథిలిన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డ కట్టదు. రాయలసీమకు దానితో పని లేదు, నిజమే. కానీ అదే మిశ్రమం మామూలు గాలి పీడనంలో 107 డిగ్రీల దాకా మరగదు. రేడియేటర్ మూత దానికి అదనంగా 0.9 బార్ పీడనం పట్టి ఉంచితే ఉత్త నీళ్లు 118 డిగ్రీల దగ్గర మరిగితే, సగం సగం మిశ్రమం 125 దాటుతుంది. మే నెలలో ఘాట్ ఎక్కే బండికి ఆ తేడా ఎంతో విలువైనది. అందుకే మూత రబ్బరు కూడా చూసుకోవాలి. పీడనం నిలవకపోతే ఏ కూలెంట్ పోసినా ముందే మరుగుతుంది.

అలాగని గ్లైకాల్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవద్దు. వేడిని మోసుకుపోవడంలో మామూలుగా దొరికే ద్రవాల్లో నీళ్లను మించింది లేదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి, సగం సగం మిశ్రమానికి 3.4 చాలు. అంటే గ్లైకాల్ పెరిగేకొద్దీ ఇంజన్ నుంచి తీసుకుపోయే వేడి తగ్గుతుంది. నీళ్లు కలపకుండా కాన్సెంట్రేట్ ఒక్కటే పోస్తే బండి ఇంకా వేడెక్కుతుంది.

రంగు విషయం కూడా చెప్పాలి. గులాబీ, పచ్చ, నీలం అనేవి కలిపిన రంగులు మాత్రమే. ఒక కంపెనీ పచ్చ, ఇంకో కంపెనీ పచ్చ ఒకటే కానక్కరలేదు. లోపలి మందులు సిలికేట్ రకమా, సేంద్రియ ఆమ్లాల రకమా అన్నదే ముఖ్యం. రెండూ కలిస్తే కొన్నిసార్లు జెల్లీలా గడ్డ కడుతుంది, కట్టకపోయినా వాటి ఆయుష్షు తగ్గుతుంది. డబ్బా మీద ఐఎస్ 5759 లేదా జేఐఎస్ కె 2234 లాంటి ప్రమాణం ఉందేమో చూసి, మీ మాన్యువల్‌లో చెప్పిన రకమే కొనండి.

ఇంకొకటి, పాతది పోసే ముందు పీహెచ్ కాగితం ముంచి చూడండి. కొత్త కూలెంట్ కాస్త క్షారంగా ఉంటుంది. 7 కంటే తగ్గిందంటే ఆమ్లంగా మారిందని అర్థం, అల్యూమినియం తినడం మొదలుపెడుతుంది. కంటికి ఎంత శుభ్రంగా కనిపించినా అది వద్దు.

అనంత_రోడ్లు | అనంతపురం | మే 12, రాత్రి 9:20

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు జరిగింది రాస్తాను, మీ సలహా ఇంకోసారి కావాలి.

టబ్బు కొనుక్కుని వెళ్లేసరికి పది దాటింది. అప్పటికే మెకానిక్ పని మొదలుపెట్టేశాడు. కూలెంట్ సగం దిగింది, వాళ్ల నల్ల టబ్బులోనే. అదృష్టం కొద్దీ రిజర్వ్ డబ్బాలోది మాత్రం ఒక ఖాళీ నీళ్ల బాటిల్‌లో విడిగా పట్టి పెట్టాడు.

టబ్బు ఎండలోకి జరిపి చూశాను. గులాబీ రంగే, కానీ పైన వానాకాలం పెట్రోల్ బంకు ముందు నీళ్ల గుంటలో కనిపించే రంగురంగుల పొర. పుల్లతో కదిపితే పొర విడిపోయి మళ్లీ అతుక్కుంటోంది. గుండె జారిపోయింది. గాస్కెట్ పోయి ఇంజన్ ఆయిల్ కలిసిందా? మెకానిక్‌ను అడిగితే "టబ్బుదే అన్నా, నిన్న ఆయిల్ దించాం" అన్నాడు. నిజమే చెప్తున్నాడా, సర్ది చెప్తున్నాడా తెలియట్లేదు. పంపు ఇంకా బిగించలేదు. ఎలా తేల్చుకోవాలి?

కర్నూలు_పానా | కర్నూలు | మే 12, రాత్రి 9:41

ఖంగారు పడకు. నీ చేతిలోనే సాక్ష్యం ఉంది, ఆ బాటిల్. దాన్ని లైటుకు అడ్డంగా పట్టుకుని చూడు. ఇంజన్ నుంచి ఆయిల్ వచ్చి ఉంటే రిజర్వ్ డబ్బాలోకీ వచ్చి తీరుతుంది, నూనె తేలికైనది కదా, పైకే చేరుతుంది. బాటిల్‌లో పొర లేదంటే, డబ్బా లోపలి గోడలకు జిడ్డు గోధుమ గీత లేదంటే, అది టబ్బు ఆయిలే. రేడియేటర్ మూత లోపలి వైపు వేలితో రాయి. తర్వాత ఆయిల్ గేజీ కడ్డీ తీసి చూడు, ఆయిల్ పోసే మూత కింద కూడా. కాఫీలో పాలు ఎక్కువైన రంగులో నురగ ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

మూగజీవం | గుత్తి | మే 12, రాత్రి 9:48

తమ్ముడూ, చర్చ మధ్యలోకి వచ్చినందుకు ఏమనుకోకు. ఆ నీళ్ల బాటిల్ ఇప్పుడు ఎక్కడుంది? నేను పశువైద్యురాలిని. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకేస్తాయి. పిల్లికి ఒకటి రెండు చెంచాలు చాలు చావడానికి. ముందు తాగినట్టు తూలుతుంది, తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది, ఆ లోపలే కిడ్నీలు దెబ్బతింటాయి. మా దగ్గరికి తెచ్చేసరికి చాలాసార్లు సమయం దాటిపోయి ఉంటుంది. పిల్లలకూ అంతే ప్రమాదం, నీళ్ల బాటిల్‌లో గులాబీ రంగు చూస్తే షర్బత్ అనుకుంటారు. పెద్దవాళ్లకు కూడా వంద మిల్లీలీటర్లు ప్రాణం మీదికి తెస్తుంది.

ఎవరైనా తాగారని అనుమానం వస్తే లక్షణాల కోసం చూస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి, ఆ బాటిల్ కూడా వెంట తీసుకుని. విరుగుడు ఉంది, కానీ మొదటి గంటల్లో ఇస్తేనే పని చేస్తుంది.

అనంత_రోడ్లు | అనంతపురం | మే 12, రాత్రి 10:15

అక్కా, మీరు అడగగానే ఒళ్లు జలదరించింది. ఆ బాటిల్ తెచ్చి వరండాలో చెప్పుల స్టాండు మీద పెట్టాను. మా చిన్నాడికి ఐదేళ్లు. వెంటనే ఖాళీ యాసిడ్ క్యానులోకి మార్చి, "విషం" అని మార్కర్‌తో రాసి, అటక మీద పెట్టాను. బాటిల్ నలిపి పారేశాను.

పెద్దాయనా, మార్చే ముందు ట్యూబ్‌లైటుకు పెట్టి చూశాను. అద్దంలా ఉంది, ఒక్క చుక్క నూనె లేదు. షెడ్డుకు ఫోన్ చేస్తే ఇంకా ఉన్నాడు, వీడియో కాల్‌లో ఆయిల్ మూత, గేజీ కడ్డీ, రేడియేటర్ మూత అన్నీ చూపించాడు. మామూలు ఆయిల్ రంగే, నురగ లేదు.

కర్నూలు_పానా | కర్నూలు | మే 12, రాత్రి 10:22

అయితే ఇంజన్ క్షేమం. టబ్బులోది మాత్రం పోనివ్వు, వడకట్టినా ఆయిల్ పోదు. కొత్తది కొను.

ఇప్పుడు లెక్క జాగ్రత్త. మాన్యువల్‌లో మొత్తం ఎన్ని లీటర్లు ఉందో, దిగింది ఎంతో చెప్పు. రేడియేటర్ నట్టు తీస్తే ఇంజన్ బ్లాకులోది, హీటర్‌లోది పూర్తిగా రాదు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే.

అనంత_రోడ్లు | అనంతపురం | మే 12, రాత్రి 10:30

మొత్తం 4.5 లీటర్లు. దిగింది కొలిస్తే 3.2. లోపల నీళ్లతో ఒకసారి కడిగిస్తాను అన్నాడు.

కర్నూలు_పానా | కర్నూలు | మే 12, రాత్రి 10:52

కడగడానికి బోరు నీళ్లు వద్దని గట్టిగా చెప్పు. డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తీసుకెళ్లు, బ్యాటరీ షాపులో దొరుకుతాయి. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటర్‌తో సమానం కాదు, అందులో ఉప్పు కొంత మిగిలే ఉంటుంది.

కడిగి దింపాక కూడా 1.3 లీటర్ల నీళ్లు లోపలే ఉండిపోతాయి. దాని మీద సగం సగం కలిపిన రెడీమిక్స్ 3.2 లీటర్లు పోశావనుకో, అసలు కూలెంట్ 1.6 లీటర్లే పడింది. 4.5లో 1.6 అంటే దాదాపు 36 శాతం. గ్లైకాల్ సంగతి అటుంచు, తుప్పు మందు కూడా అంతే పలచబడుతుంది. అందుకని కాన్సెంట్రేట్ కొను. ముందు అది 2.25 లీటర్లు పొయ్యి, మిగతా 0.95 డిస్టిల్డ్ వాటర్. అప్పుడు సరిగ్గా సగం సగం. డబ్బా మీద వేరే పాళ్లు రాసి ఉంటే దాని ప్రకారం లెక్క మార్చుకో.

పోసేటప్పుడు తొందర వద్దు. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలుపు. హీటర్ పూర్తి వేడి వైపు తిప్పు. సన్న ధారగా పోస్తూ పై హోస్ పైపు చేత్తో నొక్కి వదులుతూ ఉంటే బుడగలు పైకి వస్తాయి. నిండాక ఇంజన్ ఆన్ చేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచు. లోపల హీటర్ వేడి గాలి ఇస్తోందో లేదో చూడు. ముల్లు మధ్యలో ఉండి గాలి మాత్రం చల్లగా వస్తుంటే ఎయిర్ లాక్ (లోపల చిక్కుకున్న గాలి) ఇంకా ఉందని గుర్తు. కొన్ని బండ్లకు గాలి తియ్యడానికి విడిగా స్క్రూ ఉంటుంది, మీ మెకానిక్‌కు తెలిసే ఉంటుంది.

ఘాట్‌రోడ్ | కడప | మే 13, ఉదయం 6:30

పెద్దాయనా, ఈ లెక్క నాకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. నేను ప్రతిసారీ కడిగించి రెడీమిక్స్ పోయిస్తున్నా. ఈ వారమే మళ్లీ చూయించుకుంటాను.

కొత్తబండి | ఆదోని | మే 13, ఉదయం 8:05

చెడిపోయిన ఆ 3.2 లీటర్లు ఏం చేస్తారు అన్నా? మా దగ్గర షెడ్డు ముందు కాలువలోనే పోసేస్తున్నారు. గుత్తి అక్క రాసింది చదివాక నిన్న సాయంత్రం ఆ కాలువ దగ్గర పడుకున్న కుక్కలే గుర్తొస్తున్నాయి.

మూగజీవం | గుత్తి | మే 13, ఉదయం 8:40

అడిగినందుకు సంతోషం. నేల మీద, కాలువలో పొయ్యొద్దు. మూత గట్టిగా ఉన్న క్యానులో పెట్టి, పేరు రాసి, వాడిన నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు ఉన్న పెద్ద సర్వీస్ సెంటర్‌ను అడిగి ఇవ్వండి. వాడిన ఇంజన్ ఆయిల్ డ్రమ్ములో కలపొద్దు, రెండూ కలిస్తే ఆ ఆయిల్ కూడా పనికిరాకుండా పోతుంది. నేల మీద ఒలికితే ఇసుక చల్లి, ఎత్తి, తర్వాత బాగా నీళ్లతో కడగండి.

అనంత_రోడ్లు | అనంతపురం | మే 13, రాత్రి 8:50

పని అయిపోయింది. కొత్త పంపు, కొత్త గాస్కెట్, బెల్టు కూడా మార్పించాను. డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగాం. రెండోసారి దిగిన నీళ్లు దాదాపు తేటగా వచ్చాయి. నేను తీసుకెళ్లిన కొత్త టబ్బు మెకానిక్‌కే ఇచ్చేశాను, దాని మీద "కూలెంట్‌కు మాత్రమే" అని పెయింట్‌తో ఆయనే రాసుకున్నాడు.

కాన్సెంట్రేట్ 2.25 కొలిచి పోశాం. నీళ్లు మాత్రం 0.95 పట్టలేదు, 0.6 దగ్గరే నిండిపోయింది. భయం వేసింది. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేసరికి గబగబా నాలుగైదు పెద్ద బుడగలు వచ్చి మట్టం జర్రున దిగింది, అప్పుడు మిగతాది పట్టింది. హీటర్ గాలి చెయ్యి పెట్టలేనంత వేడిగా వచ్చింది.

కర్నూలు_పానా | కర్నూలు | మే 13, రాత్రి 9:05

ఆ బుడగలే ఎయిర్ లాక్. అవి రాకుండా మూత పెట్టి ఉంటే రేపు దారిలో మట్టం పడిపోయేది. రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు రిజర్వ్ డబ్బా చూడు, కొంచెం తగ్గితే అదే పాళ్లలో కలిపి పొయ్యి. వారం పాటు రోజూ చూస్తూ ఉండు.

ప్రొద్దుటూరు_రైడ్ | ప్రొద్దుటూరు | మే 19, సాయంత్రం 5:30

చర్చ అంతా చదివాను, చాలా ఉపయోగపడింది. నాదొక సందేహం. సెకండ్ హ్యాండ్ కారు కొని నెల అయింది. రేడియేటర్ పైపు మార్చాలి. లోపల కూలెంట్ పచ్చగా శుభ్రంగానే కనిపిస్తోంది, కానీ ఎప్పుడు పోశారో, ఏ రకమో అమ్మినాయనకు తెలియదు. పీహెచ్ కాగితం పెడితే 8 చూపించింది. మళ్లీ పోసుకోవచ్చా?

కెమిస్ట్రీ_క్లాస్ | కడప | మే 19, రాత్రి 7:15

8 అంటే ఈ రోజుకు ఆమ్లంగా మారలేదని మాత్రమే తెలుస్తుంది. తుప్పు మందు ఇంకా ఎంత మిగిలిందో, ఏ రకమో ఆ కాగితం చెప్పదు. మట్టం తగ్గినప్పుడు మీరు తర్వాత పోసే కూలెంట్‌తో అది పొసగుతుందో లేదో కూడా తెలియదు. నేనైతే మార్చేస్తాను. అంతా దింపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మాన్యువల్ రకం పోయించి, తేదీ ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అతికించండి. తర్వాతిసారి ఏదైనా పని వస్తే దింపినది వాడుకోవాలో వద్దో ఆ తేదీ చూసి చెప్పొచ్చు.

అనంత_రోడ్లు | అనంతపురం | మే 28, రాత్రి 9:35

రెండు వారాలైంది, చెప్పి వెళ్దామని వచ్చాను. మర్నాడు పొద్దున మట్టం అంగుళంలో సగం తగ్గితే కలిపి పోశాను. ఆ తర్వాత గీత దగ్గరి నుంచి కదల్లేదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసుకుని పెనుకొండ దాకా వెళ్లి వచ్చాం. ముల్లు సగానికి కొంచెం కిందే నిలబడింది. ఈ రోజు పొద్దున బండి తీశాక బండల మీద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. స్టిక్కర్ మీద మే 13 అని రాసి బానెట్ లోపల అతికించాను.

ఘాట్‌రోడ్ | కడప | మే 28, రాత్రి 9:50

సంతోషం అన్నా. నేనూ కాన్సెంట్రేట్ పోయించాను, రేడియేటర్ మూత కూడా మార్చాను. పాత మూత రబ్బరు గోటితో గీకితే పొడిలా రాలింది. రేపు పొద్దున్నే ఐదు గంటలకు రాయచోటి బాడుగ ఉంది.

కర్నూలు_పానా | కర్నూలు | మే 28, రాత్రి 10:02

ఘాట్ మొదలయ్యే ముందు ఒకసారి ఆగి ముల్లు చూసుకుని ఎక్కు. లీటరు డిస్టిల్డ్ వాటర్ డిక్కీలో పెట్టుకో.